సిగ్నల్ కోసం మోసిన ఇల్లు

మా లప్పజెంగ్ ఊళ్ళో ఎవరిని కదిలించినా చెన్నింగ్ మంచితనం గురించే చెబుతారు. నోట్లో నాలుక లేని మనిషట. చేతికి ఎముక లేదట. అదృష్టం వెతుక్కుంటూ వచ్చి దాని మెట్లెక్కిందట. నేను వింటూ నూనెలో అరటికాయ ముక్కలు తిప్పుతుంటాను. ఏమనగలను? అది నా తోడికోడలు. ఒకే అత్త దగ్గర చీవాట్లు తిన్నవాళ్ళం. దాని మంచితనం ఏ మంట మీద ఎంతసేపు ఉడికిందో నాకు తెలిసినంత ఇంకెవరికి తెలుస్తుంది?

అసలు పెళ్ళై వచ్చిన కొత్తల్లో దాన్ని చూసి నేను ఒక్క పూట కూడా కుళ్ళుకోలేదు. ఆ అవసరం రాలేదు. నా మొగుడు లా బెద్దు పెద్దకొడుకు కాబట్టి మామగారు రోడ్డు వారనున్న చోటు మాకిచ్చారు. చిన్నవాడు, చెన్నింగ్ మొగుడు లా తోలాకి వెనక, గుట్ట మొదట్లో, గేదెలు పొర్లే గుంట పక్కన చోటు దక్కింది. మా ఇళ్ళన్నీ ఎత్తయిన కర్ర స్తంభాల మీద నిలబడే ఇళ్ళు. ఆ స్తంభాల మధ్య నీడలో నేను పొయ్యి పెట్టుకున్నాను. పచ్చి అరటికాయ వేయించి, రోకలితో నలగ్గొట్టి, మళ్ళీ వేయించి, పక్కన మిరపకాయ పచ్చడి సంబల్ వేసి ఇస్తే సంతకెళ్ళే బస్సు డ్రైవరు కూడా దిగి తిని వెళ్ళేవాడు. చెన్నింగ్ తలమీద గంప పెట్టుకుని అటుగా పోతూ, "నీ ఇంటి ముందు రోజూ సంతే అక్కా" అనేది. "కూర్చో, ఒక ముక్క తిను" అనేదాన్ని. కూర్చునేది కాదు.

పైగా నాకు నెన్ని పుట్టింది. మా దగ్గర బిడ్డ పుట్టాక ఆడదాన్ని ఎవరూ పేరు పెట్టి పిలవరు. నేను ఇండో నెన్నిని, అంటే నెన్ని వాళ్ళమ్మని. నా అసలు పేరు దర్మా అని మసీదు ఇమాముకి కూడా గుర్తుండి ఉండదు. చెన్నింగ్ మాత్రం చెన్నింగ్‌గానే ఉండిపోయింది. పాపం అనుకునేదాన్ని. నిజంగానే అనుకునేదాన్ని. ఒకళ్ళని చూసి పాపం అనుకోవడంలో ఎంత హాయి ఉంటుందో అప్పట్లో నాకు తెలియదు. పోయాకే తెలిసింది.

నెన్ని ఎదిగి ఉద్యోగానికి పట్నం వెళ్ళాక, గుట్ట మీద టవర్ వేసిన ఏడాది ఆ హాయి పోయింది. వెయ్యక వెయ్యక సరిగ్గా చెన్నింగ్ ఇంటి నెత్తి మీద వేశారు. దాని ఇంటి కింద నిలబడితే ఫోనులో గీతలన్నీ నిండుగా ఉంటాయి. నా ఇంటికి గుట్ట భుజం అడ్డు. ఒక్క గీత, అదీ వాన లేని పూట. మొదట్లో నేను పట్టించుకోలేదు. గీతల మీద అరటికాయలు వేగుతాయా ఏమన్నా!

తర్వాత పట్నాల్లో కంపెనీలు ఆఫీసుకి రానక్కర్లేదు, ఎక్కడినుంచైనా పని చేసుకోండి అనడం మొదలెట్టాయి. ముందు ఒకడు మోటారు సైకిలు మీద వచ్చాడు, వీపుకి లాప్‌టాప్ తగిలించుకుని. నా దగ్గర అరటికాయ తిన్నాడు. బ్రహ్మాండం అన్నాడు. ఫోను ఆకాశం వైపు ఎత్తి చూశాడు. అలా ఎత్తుకునే నడుచుకుంటూ వెనక్కి పోయాడు. మళ్ళీ నా మొహం చూడలేదు. మర్నాడు చూస్తే చెన్నింగ్ ఇంటి కింద బల్ల వేసుకు కూర్చుని ఎవరితోనో ఇంగ్లీషులో మాట్లాడుతున్నాడు, కాళ్ళ దగ్గర కోళ్ళు తిరుగుతుంటే. వాడి వెనక వాడి స్నేహితులు. వాళ్ళ వెనక ఒక మొగుడూ పెళ్ళామూ, వాళ్ళ పసిబిడ్డా. మకస్సర్ వాళ్ళు కొందరు, జకార్తా వాళ్ళు కొందరు. మా ఊళ్ళో ఖాళీగా పడున్న గదులన్నీ నిండాయి. పొద్దున్నయ్యేసరికి మాత్రం అందరూ చెన్నింగ్ ఇంటి కిందే.

చెన్నింగ్ ఏం చేసింది? ఏమీ చెయ్యలేదు! అదే నా ఏడుపు. నేను తెల్లారకముందే లేచి, పొగ మింగి, చేతులు కాల్చుకుని జనాన్ని పోగుచేసుకున్నాను. అది కాఫీ కాచి ఇచ్చి ఊరుకుంది. జనం వాళ్ళంతట వాళ్ళే వచ్చి కూర్చున్నారు. ఆ పాడు గేదెల గుంట మీద నుంచి వచ్చే గాలిని కూడా పట్నం వాళ్ళు మెచ్చుకున్నారు. "ఏసీ కంటే హాయిగా ఉంది" అంటుంటే నా చెవులతో నేను విన్నాను.

అన్నిటికంటే నా ఒళ్ళు మండించింది ఇంకొకటి. ఆ పట్నం పిల్లలు దాన్ని ఇండో అని పిలవడం మొదలెట్టారు. "ఇండో, ఇంకో కాఫీ." "ఇండో, నా చార్జరు చూశావా?" ఆ పిలుపు నా పెరట్లోకి వినిపించేది.

"ఎవరికి తల్లి? ఎవర్ని కన్నది?" అన్నాను లా బెద్దుతో.

"పిలవనీవే. నీ సొమ్మేం పోయింది?" అన్నాడాయన, గొడ్డలికి పదును పెట్టుకుంటూ. మగవాళ్ళకి ఇలాంటివి ఎక్కవు.

అప్పుడొచ్చింది మా నెన్ని.

అది మకస్సర్‌లో ఒక కంపెనీలో పనిచేస్తోంది. జనం ఫోన్లు చేసి తిడుతుంటే ఓపిగ్గా విని సర్దిచెప్పే ఉద్యోగం. ఆ ఓపిక దానికి ఎవరి దగ్గర్నుంచి వచ్చిందో నాకు తెలియదు, నా దగ్గర్నుంచి మాత్రం కాదు. వాళ్ళ ఆఫీసు ఉన్న అంతస్తులన్నీ ఖాళీ చేసేసి, అందరినీ ఇళ్ళకి పొమ్మన్నారట. ఉద్యోగం ఉంటుంది, ఆఫీసే ఉండదు. నాకు కాళ్ళు నేలమీద ఆనలేదు. నా కూతురు నా దగ్గరికొస్తోంది! పరుపు ఎండలో వేశాను. బాతుని కోయించి, కళ్ళు మండేంత కారంతో పలెక్కో వండాను. అది ముక్కు చీదుకుంటూ కడుపునిండా తిని, "అమ్మా, ఇది తినడానికైనా రావాలి" అంది. ఆ రాత్రి నా ఇంట్లో పడుకుంది.

పొద్దున లేచి లాప్‌టాప్ చేత్తో పట్టుకుని ఇల్లంతా తిరిగింది. కిటికీలో పెట్టింది. అటక మీద ధాన్యం బస్తాల పైన పెట్టింది. మెట్ల మీద కూర్చుంది. ఆఖరికి, "సిగ్నల్ లేదమ్మా. పిన్ని వాళ్ళింటి దగ్గర చేసుకుంటా" అని వెళ్ళిపోయింది. సరే, పని కదా అనుకున్నాను. తర్వాత మధ్యాహ్నం అన్నం అక్కడే తినడం మొదలెట్టింది, మధ్యలో లేచి రావడానికి వీలు లేదట. ఆ తర్వాత తెల్లవారుజామునే మీటింగులున్నాయని దిండు చంకన పెట్టుకుని పోయింది. ఆ దిండు అలా నా మెట్లు దిగి పోతుంటే చూస్తూ నిలబడ్డాను. నేను కుట్టిన దిండు. బూరుగు దూది నేనే ఎండబెట్టి నింపాను. అది పోయి చెన్నింగ్ చాప మీద పడుకుంది.

పట్నం వాళ్ళు ఇంతమంది వచ్చి పడ్డాక జిల్లా నుంచి ప్లానింగ్ ఆఫీసు అమ్మాయి ఒకతె వచ్చింది. పేరు వహీదా. బస ఎక్కడ? ఇంకెక్కడ, చెన్నింగ్ ఇంట్లోనే. ఊరి కచేరీలో అందరినీ కూర్చోబెట్టి, ఆకాశం నుంచి తీసిన మా ఊరి పటం గోడకి తగిలించింది. ఒక్కో ఇంటికి ఒక్కో ఎర్రచుక్క.

"ఇన్నాళ్ళూ ఊళ్ళ వాళ్ళు పట్నానికి వస్తారనే లెక్కతోనే మేం ప్లాన్లు గీశాం. అక్కడ రోడ్లు వెడల్పు చేశాం, కార్లు పెట్టుకోవడానికి అంతస్తులు కట్టాం. ఇప్పుడక్కడ ఆఫీసులు బోసిపోయి ఉన్నాయి, ఇక్కడ మీ ఇళ్ళ కింద జనం కూర్చుంటున్నారు. కాబట్టి ఆ గీతలన్నీ చెరిపి కొత్తగా గియ్యాలి. ఇకమీదట మీ ఊరు కూడా పట్నంలో ఒక పేట అనుకోండి. నీళ్ళ పైపు, మురుక్కాలవ, ఆస్పత్రి, కేబుల్, అన్నీ ఇక్కడికే వస్తాయి" అంది.

ఆంబో సక్కా కర్ర ఊతంగా లేచాడు. మా ఊళ్ళో ఏ ఇల్లు కట్టినా, ఏ ఇల్లు కదిపినా ఆ ముసలాయన మంత్రం చదవాల్సిందే. పటం మీద ఒక చుక్కని వేలితో పొడిచాడు.

"అమ్మాయ్, ఇది మా అల్లుడి ఇల్లు. ఇక్కడ లేదు."

"లేకపోవడమేంటి తాతా? ఫోటోలో ఉందిగా."

"ఫోటో తీసినప్పుడు ఉంది. తర్వాత మసీదు వెనక్కి మోసుకుపోయాం. ఇదిగో, ఈ హాజీగారి ఇల్లు కూడా తప్పే. వాళ్ళావిడకి అక్కడ గాలి సరిపడలేదు, ఇటు జరిపాం."

ఆ పిల్ల పెన్ను పట్టుకుని అలా నిలబడిపోయింది. "అంటే మీ ఊళ్ళో ఇళ్ళు నడుస్తాయా?"

"వాటంతట అవి నడవవులే, భయపడకు. మేమే నడిపిస్తాం" అన్నాడు వెనక నుంచి ఎవడో. కచేరీ అంతా ఒకటే నవ్వు.

వహీదా కూడా నవ్వింది గానీ, తల అడ్డంగా ఊపింది. "ఇక కుదరదు తాతా. ఇంటికి పైపులూ కేబుళ్ళూ తగిలించాక కదిలిస్తే అన్నీ తెగిపోతాయి. వానలు తగ్గగానే ప్లాను ఖాయమవుతుంది. ఆ తర్వాత ఎవరి ఇల్లు ఎక్కడుంటే అక్కడే."

ఆంబో సక్కా మెల్లగా కూలబడ్డాడు. ఆయన బాధ ఆయనది. నా బాధ నాది. ఎక్కడున్నది అక్కడే అంటే? నా ఇల్లు గుట్ట భుజం వెనకే ఉండిపోతుంది. నా కూతురి దిండు చెన్నింగ్ ఇంట్లోనే ఉండిపోతుంది.

ఇంటికొచ్చి అన్నం వడ్డిస్తూనే చెప్పాను. "ఏమయ్యా, ఇల్లు మోయిద్దాం."

"ఎక్కడికి?"

"వెనక్కి. మీ తమ్ముడి ఇంటి ఎదుటికి."

ముద్ద నోటి దగ్గరే ఆగిపోయింది. "రోడ్డు పక్క చోటు వదిలేసి గేదెల గుంట దగ్గరికా? నీకేమైనా పిచ్చి పట్టిందా?"

"పడితే పట్టింది. నా కూతురు నా ఇంట్లో పడుకోవాలి."

"పెద్దకొడుకునని మా నాన్న ఇచ్చిన చోటే ఇది!"

"టవర్ వస్తుందని మీ నాన్న కలగన్నాడా? రోడ్డు చూసి ఇచ్చాడు. ఇప్పుడు జనం రోడ్డు చూసి రావట్లేదు."

నెన్ని లేని ఇల్లు ఆయనకీ బాగాలేదని నాకు తెలుసు. చివరికి, "చోటు వాళ్ళది. అడగాల్సింది చెన్నింగ్‌ని. నువ్వే అడుగు" అని చెయ్యి కడిగేసుకున్నాడు.

నేను అడగాలి! చెన్నింగ్‌ని! ఒక రోజంతా మనసొప్పక ఊరుకుని, ఆ తర్వాత మంచి సరోంగ్ కట్టుకుని వెళ్ళాను. అది మెట్ల మీద కూర్చుని చిక్కుడు గింజలు ఏరుతోంది.

"మీ ఇంటి ఎదుట చోటు ఊరికే పడుంది కదా" అన్నాను.

"ఉంది."

"మేం అక్కడికొద్దామని."

గింజల్లో దాని చెయ్యి ఆగింది. నీళ్ళు నములుతుంది, వంకలు పెడుతుంది, అప్పుడు నేను నోరు చేసుకోవచ్చు అనుకున్నాను. నడుం బిగించుకుని సిద్ధంగా ఉన్నాను. అది నా మొహంలోకి ఒకసారి చూసి, మళ్ళీ గింజలు ఏరడం మొదలెట్టి, "రా అక్కా. నెన్నికి సంతోషం" అంది. అంతే. తగువుకి కూడా సందివ్వదు, నంగనాచి! నా కూతురి సంతోషం అది నాకు చెప్పడమేంటి?

శుక్రవారం నమాజు కాగానే ఊరంతా వచ్చింది. గాజు సామాను, కుండలు, అద్దాలు ముందే దింపేశాం. స్తంభాలకి అడ్డంగా వెదురు బొంగులు కట్టారు. ఆంబో సక్కా ఇంటి మధ్యనుండే బొడ్డు స్తంభం దగ్గర నిలబడి, దాన్ని బిడ్డ వీపు నిమిరినట్టు నిమిరి, పెదాలు కదిపాడు. తర్వాత ఒక్క కేక పెట్టాడు. ఊళ్ళోని మగవాళ్ళంతా భుజాలు ఆనించి బదులు కేక వేశారు. నా ఇల్లు లేచింది. పట్నం పిల్లలు కూడా సరదాపడి బొంగుల కింద దూరారు. "ఆ లాప్‌టాప్ వీపులు వంగవు గానీ, పక్కకి తప్పుకోండ్రా!" అని ముసలాయన గద్దించాడు. వహీదా నోరు తెరుచుకుని చూస్తూ ఉంది, చేతిలో పటం సంగతి మర్చిపోయి.

నా వంటిల్లు, నా కిటికీలు, నా అటక, అన్నీ మనుషుల తలల మీదుగా ఊగుతూ పోతుంటే వెనకే నడిచాను. ఎన్ని చూశాను ఇలాంటివి! నా ఇల్లయ్యేసరికి మాత్రం ఒక్కో అడుగూ లెక్కపెట్టుకున్నాను.

గుట్ట మలుపులో చెన్నింగ్ వాళ్ళ లంగ్సాత్ పళ్ళ చెట్టు ఉంది. దాని కొమ్మ నా ఇంటి కప్పు మూలకి తగులుకుంది. ఇల్లు ఆగిపోయింది. మొయ్యడం కంటే మోస్తూ నిలబడటం కష్టం. మనుషుల మెడనరాలు ఉబ్బుతున్నాయి.

"కొమ్మ కొట్టండి!" అని అరిచాడు ఆంబో సక్కా.

"కాయల మీదుంది" అన్నాడు లా తోలా. ఆ చెట్టు పళ్ళంటే అతనికి ప్రాణం.

చెన్నింగే లోపల్నుంచి కత్తి తెచ్చి, సరోంగ్ మోకాళ్ళ పైకి దోపి, చెట్టెక్కి కొమ్మని నరికేసింది. గుత్తులు గుత్తులుగా పళ్ళు నేల రాలాయి. ఇల్లు కదిలింది. "చూశారా చెన్నింగ్ మనసు!" అన్నారు అందరూ. నా ఇల్లు, నా శుక్రవారం, పొగడ్త దానికి! పని అయ్యాక తినడానికి నేను అరటిపండు, కొబ్బరిపాలు కలిపి ఆవిరి మీద ఉడికించిన బందంగ్ చేసి పెట్టాను. అది మొక్కజొన్న జావ, బరొబ్బో కాచి తెచ్చింది, వేడివేడిగా, పైన వేయించిన ఉల్లిపాయలు చల్లి. మగవాళ్ళంతా దాని గిన్నె చుట్టూ మూగారు. నేనూ తిన్నాను. బాగుంది. చెప్పక ఏం చేస్తాను, బాగుంది.

అవన్నీ పోనీ. బొడ్డు స్తంభం కొత్త రాయి మీద ఆనగానే మెట్లు పెట్టేదాకా కూడా ఆగకుండా పైకెక్కి ఫోను తీసి చూశాను. గీతలన్నీ నిండుగా ఉన్నాయి! "నిండుగా ఉంది! నెన్నీ, నిండుగా ఉందే!" అని కిటికీలోంచి అరిచాను. ఊరంతా నన్ను చూసి నవ్వింది. నవ్వనీ. సాయంత్రానికి దిండు నా ఇంటికొచ్చింది.

ఆ రోజుల్లో నన్ను చూడాల్సింది. నెన్ని నా ఇంటి కింద బల్ల వేసుకుని పనిచేసుకునేది. నేను ఎదురుగా పీట వేసుకుని అరటికాయలు ఒలిచేదాన్ని. ఎదురుగానే చెన్నింగ్ ఇల్లు, చెయ్యి చాపితే అందేంత దగ్గర.

"కాఫీ ఎలా ఉంది? పిన్ని కాఫీ కంటే బాగాలేదూ?"

"బాగుందమ్మా."

"ఇవాళ అక్కడ జనం పలచగా ఉన్నారు చూశావా?"

"అమ్మా, కాల్‌లో ఉన్నాను."

"ఉండు, ఉండు. నాకేం? ఆ మకస్సర్ పిల్లకి మళ్ళీ అదే చేప పులుసు పోస్తోంది చూడు. నిన్నటిదే వేడి చేసి ఉంటుంది. ఇండో అట, ఇండో!"

ఒకసారి నెన్ని కంప్యూటరు లోంచి ఎవరో మగమనిషి, "మేడమ్, నా సమస్య తర్వాత చెబుతాను, ముందు మీ వెనక ఎవరికో ఏదో అన్యాయం జరిగినట్టుంది" అన్నాడు. నెన్ని మొహం కందగడ్డలా అయిపోయింది. మర్నాడు లాప్‌టాప్ తీసుకుని ఎదురింటికి వెళ్ళింది. ఆ మర్నాడూ వెళ్ళింది. ఆ సాయంత్రం దిండు కూడా మెట్లు దిగింది.

నేనిక ఆగలేదు. నా మెట్లు దిగి దాని మెట్లెక్కాను. కింద బల్లల దగ్గర పట్నం వాళ్ళంతా తలలెత్తి చూశారు. చెన్నింగ్ పొయ్యి దగ్గరుంది. నెన్ని గోడవారగా దిండు పెట్టుకుంటోంది.

"ఏం మందు పెట్టావే నా కూతురికి?"

"మందేంటక్కా? అన్నమే పెట్టాను."

"ఊరంతా ఇండో, ఇండో అంటుంటే నీకు తలకెక్కింది. నా కూతురి చేత కూడా అనిపించుకుందామనేగా నీ ఎత్తు?"

చెన్నింగ్ గరిటె కింద పెట్టింది. పెళ్ళై వచ్చినప్పట్నుంచి దాని గొంతు పెరగడం నేను వినలేదు. అప్పుడు కూడా పెరగలేదు.

"అక్కా, రోడ్డు నీకిచ్చారు. బస్సు నీ ముందే ఆగేది. కూతురు నీకే పుట్టింది, ఊరంతా నిన్ను కూతురి పేరుతో పిలిచింది. నేను ఆ గుంట పక్కన కూర్చుని అన్నీ వింటూ ఉన్నాను. నిన్ను చూసి ఎంత కుళ్ళుకున్నానో, ఎన్నిసార్లు ఏడ్చానో ఆ దేవుడికి తెలుసు. నీ అరటికాయ ముక్క తినబుద్ధి కాక ఏనాడూ నీ దగ్గర కూర్చోలేదు. నాకంటూ వచ్చింది ఒక్క సిగ్నలు. దానికోసం కూడా ఇల్లు మోసుకొచ్చేశావు."

నన్ను చూసి కుళ్ళుకుందట! ఇన్నేళ్ళూ! చెప్పొద్దూ, ఒకపక్క నా కడుపు చల్లబడింది. ఇంకోపక్క ఆ గింజల్లో ఆగిన చెయ్యి గుర్తొచ్చింది. ఏం చెయ్యాలో తోచక నెన్ని వైపు తిరిగి, "పద, ఇంటికి పోదాం. అక్కడ కూడా నిండుగా ఉందిగా సిగ్నలు" అన్నాను.

"సిగ్నల్ కోసం కాదమ్మా."

"మరి దేనికి?"

"నీ దగ్గర కూర్చుంటే నువ్వు నన్ను చూడవు. నన్ను ఎదురుగా పెట్టుకుని పిన్ని ఇంటినే చూస్తావు. పొద్దున లేస్తే పిన్ని కాఫీ, పిన్ని జనం, పిన్ని పులుసు. నేను మకస్సర్ నుంచి వచ్చాక ఒక్కసారైనా, నువ్వెలా ఉన్నావే అని అడిగావా?"

జనం తిట్లు విని సర్దిచెప్పే గొంతుతోనే అంది, కోపం లేకుండా. కోపంగా అని ఉంటే నేను తిరిగి అరిచి ఉండేదాన్ని.

వానలు తగ్గాక వహీదా టేపు పట్టుకుని, సున్నం డబ్బాతో వచ్చింది. పటం మీద రోడ్డు పక్కన మా చుక్క చెరిపేసి, వెనకెక్కడో కొత్త చుక్క పెట్టింది. "ఖాళీ అయిన చోట బస్సు స్టాపూ, పట్నం వాళ్ళు కూర్చుని పనిచేసుకోవడానికి హాలూ వస్తాయి ఇండో నెన్నీ. కేబుల్ కూడా ముందు అక్కడికే వస్తుంది. మీరు అక్కడే ఉండి ఉంటే..."

"ఇక చెప్పకు తల్లీ" అన్నాను.

ఆంబో సక్కా పక్కనే నిలబడి ఉన్నాడు. మా ఊళ్ళో భుజాలమీద నడిచిన ఆఖరి ఇల్లు నాదేనని అందరికీ చెప్పుకుంటున్నాడు.

వహీదా మా రెండిళ్ళ మధ్యకి వచ్చి ఆగింది. "ఇక్కడ కంచె గియ్యనా, దారి వదలనా? దారైతే ఇద్దరూ తలా కొంచెం చోటు వదులుకోవాలి. ఒకసారి గీశాక మార్చడానికి ఉండదు, ఆలోచించుకుని చెప్పండి."

చెన్నింగ్ తన మెట్ల మీద నిలబడి ఉంది. దాని ఇంటి కింద నెన్ని తల ఎత్తలేదు గానీ, కీబోర్డు చప్పుడు ఆగిపోయింది. కంచె అంటే చాలు, ఇక ఆ ఇంటి మొహం చూడక్కర్లేదు. ఆ మాట నా నాలుక చివరే ఉంది.

"దారి" అన్నాను.

"ఎంత వెడల్పు?"

"దిండు చంకన పెట్టుకుని మనిషి నడిచేంత."

"కొంచెం ఎక్కువే వదులక్కా. వానాకాలం గొడుగు పట్టాలి కదా" అంది చెన్నింగ్.

"అదీ నువ్వే చెప్పాలా?" అన్నాను. వహీదా గొడుగు పట్టేంత గీసింది.

మర్నాడు పొద్దున్నే నా పొయ్యి ఇటు తిప్పి పెట్టుకున్నాను, చెన్నింగ్ ఇల్లు నా వీపు వెనక పడేలా. ఎంత కష్టమనుకున్నారు! వెనక కప్పులు చప్పుడవుతుంటాయి, ఎవరో ఇండో అంటారు, బరొబ్బో వాసన వస్తుంది. మెడ దానంతట అదే తిరగబోతుంది. పళ్ళు బిగబట్టుకుని నూనెలోకి చూస్తూ కూర్చున్నాను. మధ్యాహ్నం కొత్త దారిలో చెప్పుల చప్పుడైంది. నెన్ని వచ్చి పీట లాక్కుని నా ముందు కూర్చుంది. కళ్ళకింద నల్లగా ఉంది. చిక్కింది కూడా. ఎప్పట్నుంచి అలా ఉందో!

"ఇవాళ ఏం వండిందే మీ పిన్ని?" అన్న మాట నోటిదాకా వచ్చింది. మింగేశాను.

"ఎలా ఉన్నావే?" అన్నాను.

అది నా మొహంలోకి చూసింది. తర్వాత చెయ్యి చాపి పళ్ళెంలోంచి వేడి ముక్క తీసుకుంది.

"చెబుతాను. ముందు కొంచెం సంబల్ వెయ్యి" అంది.